కొట్టేసిన పద్దు

నా నవలల్లో ఆఖరి ప్రకరణానికొచ్చేసరికి కథానాయిక కళ్లు తుడుచుకుని భర్తనో, అత్తనో క్షమించేస్తుంది. పాఠకులకూ అదే ఇష్టం, నాకూ అదే సులువు. ఆమధ్య శింగనమలలో ఓ సాయంత్రం గడిపి వచ్చాక మాత్రం ఆ ప్రకరణాలు తలుచుకుంటే సిగ్గేసింది.

నాతో బి.ఏ. చదివిన స్నేహితురాలు అక్కడ టీచరు. క్రైస్తవ కుటుంబం. దీపాలవేళ ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రభువు ప్రార్థన చెప్పుకుంటుంటే నేనూ ఓ పక్కన కూర్చుని విన్నాను. ఎన్నోసార్లు విన్నదే. అయినా అందులో ఒక మాట ఆవేళే చెవిన పడింది. ఋణం!

తెలుగు బైబిల్లో, మత్తయి సువార్తలో, ఆ చోట ఉన్నది పాపమూ కాదు, తప్పూ కాదు. ఋణం. మనల్ని నొప్పించినవాళ్లు 'ఋణస్థులు'. గ్రీకు మూలంలో అప్పని ఉంటే మనవాళ్లు అప్పుగానే ఉంచారు. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకీ పాపానికీ ఒకటే మాట. పైగా దీనికి ముందున్న విన్నపం ఏనాటి తిండి ఆనాటికి ఇమ్మని. తిండీ అప్పూ పక్కపక్కనే! అప్పు తెచ్చి వేరుశనగ విత్తి మబ్బుకేసి చూసే ఈ సీమకి ఇంతకన్నా దగ్గరి ప్రార్థన ఏముంటుంది?

ఈ ఒక్క మాటతో క్షమకి అర్థమే మారిపోతుంది. 'పోనీలే, ఏమీ జరగలేదు' అనడం క్షమ కాదు. బాకీ కొట్టేయాలంటే ముందు బాకీ ఉందని తేలాలి. ఎంతో తెలియాలి. ఆ నష్టం నేను భరిస్తానని ఇచ్చినవాళ్లు అనుకోవాలి. మరి నా కథానాయికలో? పద్దు రాయకుండానే కొట్టేశారు. ఓర్పు పేరు చెప్పి వాళ్లచేత నేనే ఆ పని చేయించాను.

అదే సువార్త 18వ అధ్యాయంలో ఓ కథ ఉంది. రాజు తన దాసుడికి పదివేల తలాంతుల అప్పు మాఫీ చేస్తాడు. వాడు బయటికొచ్చి, తనకి నూరు దేనారాలు బాకీపడ్డ తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఆ నూరు దేనారాలని చిల్లరడబ్బులుగా తీసిపారేసే ప్రసంగాలు నాకు నచ్చవు. దేనారమంటే ఆనాడు ఒక రోజు కూలి. 2006 ఫిబ్రవరి 2న, శింగనమలకి దగ్గరలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభించినప్పుడు కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పనిదినాలు సరిగ్గా నూరే. అది చిల్లరా? రాజు వదులుకున్న ఆరు కోట్ల రోజుల కూలి ముందు చిన్నదే కావచ్చు. కానీ కథ చెప్పినాయన ఆ బాకీ లేదనలేదు. అంతకన్నా పెద్దది తెచ్చి దాని పక్కన పెట్టాడు, అంతే.

భోజనాలయ్యాక ఆరుబయట మంచాలు వేసుకున్నాం. సొంత మనిషే ఒకరు నమ్మించి దాని పొలం రాయించుకున్న సంగతి నాకు తెలుసు.

"క్షమించేశావా?" అన్నాను మెల్లిగా.

"నోటు చింపేసినా. అప్పే లేదని ఎవురన్నా అంటే మాత్రం ఊరుకోను" అంది. కాసేపాగి, "రాత్రయితే ఆ ముక్కలు మళ్లీ అతుక్కుంటాయే. పొద్దున్నే మళ్లీ చింపాల" అంది.

ఆ ప్రార్థనలో అన్నంతోపాటు ఇదీ ఎందుకు చేర్చారో అప్పుడర్థమైంది. రెండూ ఏరోజుకారోజు కావలసినవే.

ఇప్పుడు రాస్తున్న నవల ఆఖరి ప్రకరణం ఇంకా మిగిలే ఉంది. ముందు ఆ పిల్లకి రావలసిన బాకీ ఎంతో, అణా పైసలతో సహా రాయాలి. కొట్టేయడమా మానడమా అన్నది ఆ తరవాత దాని ఇష్టం.