బాంచన్‌లోనూ ‘నీ’ ఉంది

నల్లగొండలో మేనత్త ఇంట్లో పోయిన వారం పెద్ద పంచాయితీ అయింది. ఫిర్యాది అత్తమ్మ, ముద్దాయి పదకొండేండ్ల మనవరాలు, సాక్షి ఈ కాలమ్ రాసే అల్లుడు. సెలవులకు ఇద్దరు పిల్లలు దిగారు. కొడుకు కొడుకు డాలస్ నుంచి, బిడ్డ బిడ్డ స్టాక్‌హోం నుంచి.

మొదటి పూట మార్కులన్నీ స్వీడన్‌కే పడ్డాయి. ఎవరూ చెప్పకముందే పిల్ల బూట్లు గడప బయట విడిచింది. అక్కడ ఎవరింటికి పోయినా అదే పద్ధతి. డాలస్ పిల్లగాడు సొంత ఇంట్లో విడుస్తాడు గానీ, దోస్తుల ఇండ్లలో బూట్లతోనే తిరుగుతాడట. నానమ్మ ఇల్లు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకునేలోపు దేవుని అర్ర దాకా నడిచాడు. అత్తమ్మ తడిగుడ్డ తెచ్చుకుంది.

సాయంత్రానికి లెక్క తారుమారైంది. పక్క వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టర్ పలకరింపుకొచ్చాడు. డాలస్ పిల్లగాడు లేచి నిలబడి “గుడ్ ఈవినింగ్ సార్” అన్నాడు. పిల్ల మాత్రం క్యారమ్ బోర్డు మీద నుంచి తలెత్తి, చేయి ఊపి, ఆయన పేరు పెట్టి పిలిచింది. సార్ లేదు, గారు లేదు, తాతా లేదు. ఉత్త పేరు.

“పెద్దమనిషిని పేరు వెట్టి పిలుస్తరా బిడ్డా?”

“మా స్కూల్లో టీచర్లను కూడా పేరుతోనే పిలుస్తం అమ్మమ్మా. ప్రిన్సిపాల్‌ను కూడా.”

పిల్ల అబద్ధమాడలేదు. స్వీడన్ బడిలో పంతులు పేరే పిలుపు. అమెరికా అంటే చనువు దేశమని మనవాళ్ల నమ్మకం. కానీ అక్కడి బడిలో టీచర్ ఇంటిపేరుకు ముందు మిస్టరో మిస్సో లేకుండా పిల్లలు నోరు తెరవరు. టెక్సాస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లోనైతే సార్, మామ్ ఇంట్లోనే నేర్పుతారు. అదే అమెరికాలో దుకాణం కౌంటర్ దగ్గర ముక్కూమొహం తెలియని మనిషి “ఎట్లున్నరు?” అని అడిగి, జవాబు వినకముందే బిల్లు కొడతాడు. స్వీడన్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్లు మనిషికీ మనిషికీ నడుమ ఒక ఎడ్లబండి పట్టేంత జాగా వదిలి, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడతారు. ఇంటికొచ్చిన పిల్లవాడికి అన్నం పెట్టకుండా తమ పిల్లలను మాత్రం భోజనానికి పిలుచుకునే స్వీడిష్ ఇండ్ల గురించి 2022లో లోకమంతా నవ్వుకుంది. “తిన్నవా?” అనేదే పలకరింపుగా బతికే నల్లగొండలో ఈ ముచ్చట చెబితే అత్తమ్మ నమ్మలేదు.

అయితే స్వీడన్ మొదటి నుంచీ ఇట్లా లేదు. హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియా ద్వారా ఆ దేశం తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, 1960ల దాకా అక్కడ పిలుపు పెద్ద తలనొప్పి. ఎదురుగా కూర్చున్న మనిషినే “డైరెక్టర్ కాఫీ తీసుకుంటాడా?” అని, పక్కవాడి సంగతి అడిగినట్టు అడగాలి. నువ్వు అనే ‘డూ’ దగ్గరివాళ్లకే. మీరు అనే మాట వాళ్లకూ ఉంది. దాని ఉచ్చారణ ‘నీ’, మన ‘నీ’కి సరిగ్గా ఎదురు. కానీ ఆ ‘నీ’ని హోదా లేనివాళ్ల మీదే వాడేవారు గనుక అది మర్యాద కాకుండా చిన్నచూపు అయింది. 1967లో వైద్య పాలనా సంస్థకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, ఉద్యోగులందరినీ పేరుతో ‘డూ’ అని పిలుస్తానని, తననూ అట్లే పిలవమని చెప్పాడు. అప్పటికే మొదలైన మార్పుకు ఆయన పేరు గుర్తుగా మిగిలింది. ఇప్పుడు రాజకుటుంబం తప్ప అందరూ డూనే. ఈమధ్య దుకాణాల్లో కుర్రకారు మర్యాదనుకొని మళ్లీ ‘నీ’ అంటుంటే పాతతరం వాళ్లకు ఒళ్లు మండుతోంది.

ఇది విని అత్తమ్మ ఉషారైంది. పోయిన నెల చీరల షోరూంలో ఒక పిల్లగాడు ఆమెను “మీరు కూర్చోండి మేడం గారూ” అన్నాడట. “నేనేమన్న పరాయిదాన్నా అల్లుడా? అమ్మా, నువ్వు గూసో అంటే వాని సొమ్మేం బోతది?”

పాత పాఠకులకు తెలుసు, ఈ కాలమిస్టుకు ‘గారు’ మీద ఎప్పటి నుంచో పగ. అమ్మను, నాయినను, తాతను నువ్వు అని పిలుచుకునే నల్లగొండ, పాలమూరు నోట్లో మీరు, గారు ఎక్కడి నుంచి పడ్డాయని కనీసం నాలుగు కాలమ్‌లు తగలేశాడు. ఈ వారం ఐదోది సిద్ధమైంది. స్వీడన్‌కు 1967లో వచ్చిన బుద్ధి మాకు పుట్టుకతోనే ఉందని మొదటి వాక్యం కూడా కుదిరింది.

రెండో వాక్యం దగ్గర దేవరకొండ పక్కన తాత ఇల్లు అడ్డమొచ్చింది.

ఆ ఇంట్లో ఒక జీతగాడు ఉండేవాడు. అరవై ఏండ్ల మనిషి. తెల్లారకముందే వచ్చి పెండ తీసి, ఎడ్లకు కుడితి పెట్టి, గోడకు ఆనుకొని గొంతుక్కూర్చునేవాడు. చాయ్ గ్లాసు వేరే. దాన్ని చూరు కింద గూట్లో బోర్లించేవారు, కడగడం కూడా అతని పనే. అప్పటికి ఏడేండ్ల కాలమిస్టు గోటీలు బావి దగ్గర పడిపోతే వాకిట్లో నుంచే “ఒరేయ్” అని, అతని పేరు సగం విరిచి కేకేసేవాడు. ఆ ముసలాయన తువ్వాల భుజం మీద నుంచి చంకలోకి దింపుకొని “వస్తున్న పటేలా” అంటూ లేచేవాడు. ఏడేండ్ల పటేలు! ఎవరూ కసిరింది లేదు, చెంప పగలగొట్టింది లేదు. ఎవరికీ అది తప్పుగా తోచలేదు మరి.

ఇంకో సంగతి ఇన్నేండ్ల తర్వాత ఇప్పుడు తట్టింది. ఆ జీతగాడు తాతను కూడా నువ్వు అనే పిలిచేవాడు. “నువ్వు జెప్పినట్టే జేసిన పటేలా.” అంటే ఆ వాకిట్లో నువ్వు అటూ ఉంది, ఇటూ ఉంది. సమానత్వం ఎటూ లేదు. అంతకు ముందు తరంలో దొర గడీ ముందు వినబడ్డ “బాంచన్ దొరా, నీ కాల్మొక్త” అన్న మాట చూడండి. అందులోనూ ‘నీ’యే ఉంది. కాళ్లు మొక్కేవాడి నోట్లోనూ ఏకవచనమే!

ఆ మాటను ఈ జిల్లా ఏ ఆఫీసరు ప్రకటనతోనూ వదిలించుకోలేదు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగాక ఊరూరా ‘సంఘం’ లేచింది. వెట్టి చెయ్యబోమన్నారు. 1946 జులై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ప్రాణమిచ్చాడు. స్వీడన్‌లో డూ పైకుర్చీ నుంచి కిందికి దిగింది. అది కూడా 1932 నుంచి 1976 దాకా, నడుమ కొద్ది నెలలు తప్ప, సోషల్ డెమోక్రాట్లు ఏలి, బతుకుల్లో ఎచ్చుతగ్గులు తగ్గించుకున్న దేశంలో. జీతగాడి చాయ్ గ్లాసు గూట్లోనే ఉంచి పిలుపొక్కటే మార్చిన కథ కాదది.

అమెరికాలోనైతే అదే కాలంలో కథ ఇంకో దిక్కు నడిచింది. అక్కడ నువ్వైనా మీరైనా ఒకటే మాట, యూ. అయినా దక్షిణాదిలో తెల్లవాళ్లకు మిస్టర్, నల్లవాళ్లకు ఉత్త పేరు. 1963లో అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణిని సర్కారు వకీలు ‘మేరీ’ అని పిలిచాడు. మిస్ హామిల్టన్ అంటేనే జవాబిస్తానంది. కోర్టు ధిక్కారమని జైలుశిక్ష, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. స్వీడన్‌లో బిరుదు వదులుకోవడం గొప్పయితే, ఆమెకు బిరుదు దక్కించుకోవడం గొప్ప.

ఆ మధ్య పాలమూరులో ఒక పోస్టాఫీసులో చూసిన ముసలామె అప్పుడు గుర్తొచ్చింది. పింఛను కోసం లైన్లో ఉంది. కౌంటర్ అవతలి అమ్మాయి “అమ్మా, మీరు ఈడ వేలు పెట్టండి” అంది. ముసలామె వేలు పెట్టలేదు. ఆ మీరు ఎవరో అని వెనక్కి తిరిగి చూసింది.

కాబట్టి ఐదో కాలమ్ రద్దయింది. అత్తమ్మ నువ్వు అనిపించుకోవాలని కోరుకోవచ్చు. డెబ్బయి ఐదేండ్లుగా ఆమెకు మర్యాద తక్కువ పడలేదు. జీవితమంతా ఒరేయ్, ఏమే వినే బతికినవాళ్లకు ముందు మీరు అందాలి. చనువు సంగతి తర్వాత వాళ్లే చెబుతారు. ‘గారు’ మీద పగ మాత్రం ఇంకా ఉంది, దానికి వేరే వారం.

హెడ్మాస్టర్ పంచాయితీ రెండు రోజుల్లో తెగింది. పిల్ల ఇప్పుడు ఆయనను “తాతా, నువ్వు” అంటోంది, ఆయన మురిసిపోతున్నాడు. కానీ పొద్దున బాసాన్లు తోమే ఆమెను అత్తమ్మ పేరు పెట్టి కేకేస్తే, పిల్ల అడిగింది: “పెద్దవాళ్లను పేరుతో పిలవొద్దన్నవు కదా అమ్మమ్మా?”

అత్తమ్మ కాలమిస్టు దిక్కు చూసింది. ఆయనా ఆ పనామెను ఇన్నేండ్లుగా ఉత్త పేరుతోనే పిలుస్తున్నాడు. ఆమె అత్తమ్మ కంటే రెండేండ్లు పెద్దది.