పేరు పెట్టి అడగడం

ప్రార్థన చెయ్యడం రాని క్రైస్తవుడు మన ఊళ్ళల్లో అరుదు. కళ్ళు మూసుకుంటే చాలు, చిన్నప్పటి నుంచి వింటున్న మాటలు వరసగా వచ్చేస్తాయి. మా కుటుంబాన్ని దీవించండి, రోగుల్ని స్వస్థపరచండి, ప్రయాణాల్లో తోడుగా ఉండండి, ఆమెన్. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కానీ అలా అడిగినదానికి జవాబు వచ్చిందో రాలేదో ఎన్నటికీ తెలియదు. దీవించమన్నాం కాబట్టి దీవించాడనే అనుకుంటాం. మర్నాడు మళ్ళీ అవే మాటలు. ఫలానా మనిషికి ఫలానా అవసరం తీర్చమని అడిగితే సంగతి వేరు. దేవుడు కాదనడానికి అప్పుడే చోటు దొరుకుతుంది. కాదంటే ఎలా అన్న భయమూ మనకు అప్పుడే మొదలవుతుంది. ఆ భయం ఉండగానే అడగడం, అడిగి లేచి ఆ రోజు పనిలోకి వెళ్ళడం. దేవుని మీద ఆనుకోవడమంటే నాకు తెలిసింది అదే.

అందుకే నేను విన్నపాలు పుస్తకంలో రాస్తాను. మామూలు రూళ్ళ నోటుబుక్కు. ఎడమ పేజీలో తేదీ, మనిషి పేరు, అడిగిన సంగతి. కుడి పేజీ ఖాళీ. జవాబు వచ్చిన రోజు అక్కడ తేదీ వేస్తాను. ఈ పద్ధతి నాది కాదు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పెంచిన జార్జ్ ముల్లర్ గారిది. చాలామంది ఆయన కథను పిల్లలకు చెప్పే అద్భుతంలా చెప్పి ముగిస్తారు. నాకు మాత్రం అద్భుతాల కన్నా ఆయన లెక్కల పుస్తకాలే ఎక్కువ నేర్పాయి.

ముల్లర్ 1805లో ప్రష్యాలో పుట్టారు. 1832లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు సంఘ సేవకుడిగా వచ్చారు. 1836లో విల్సన్ వీధిలో అద్దె ఇల్లు తీసుకుని తల్లిదండ్రులు లేని ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. 1849 నాటికి ఊరి అంచున ఆష్లీ డౌన్ మీద 300 మందికి సొంత కట్టడం లేచింది. 1870కి అలాంటివి అయిదు, రెండు వేల మందికి పైగా పిల్లలకు చోటు. 1898లో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళు సుమారు పదివేల మంది. ఇంత పనికీ ఆయన పెట్టుకున్న నియమాలు రెండు. అవసరాన్ని ఏ మనిషికీ చెప్పి చందా అడగకూడదు, దేవుణ్ణే అడగాలి. పాలవాడికీ రొట్టెలవాడికీ కూడా అప్పు పెట్టకూడదు. పిల్లల పోషణ ఒక ఉద్దేశమే కానీ, దేవుడు ఇప్పటికీ ప్రార్థన ఆలకిస్తాడని విశ్వాసులు కళ్ళారా చూడాలన్నది అంతకన్నా ముఖ్యమైన ఉద్దేశమని ఆయనే రాసుకున్నారు. చూడాలంటే లెక్క ఉండాలి. ఏ రోజు ఏం లేదు, ఏ రోజు ఏం వచ్చింది, ఎంత వచ్చింది, అన్నీ రాసి అచ్చువేశారు.

ఆ లెక్కల్లో 1838 నాకు ఇష్టమైన సంవత్సరం. చేతిలో డబ్బు పూర్తిగా అయిపోవడం మొదలైంది అప్పుడే. ముల్లర్ తనతో పనిచేసేవాళ్ళను పిలిచి ఉన్న సంగతి చెప్పారు. బయటివాళ్ళకు చెప్పవద్దన్నారు. అందరూ కలిసి ప్రార్థించారు. ఆ పనివాళ్ళు ప్రార్థించడంతో ఊరుకోలేదు, తమ దగ్గరున్న కొద్దిపాటి సొంత డబ్బు తీసి ఇచ్చారు. దేవుడే ఇస్తాడని నమ్మినవాళ్ళు ముందు తమ జేబు విప్పారు. విశ్వాసం పేరుతో ఎదుటివాళ్ళ జేబులవైపు చూసే బోధలు ఈ రోజుల్లో బాగా పెరిగాయి. ఇంత కానుక వేస్తే అంత తిరిగి వస్తుందని టీవీలో చెబుతుంటే నాకు బాధగా ఉంటుంది. అక్కడ దేవుణ్ణి అడగడం లేదు, దేవుడితో బేరం ఆడుతున్నారు.

1841 డిసెంబరులో జరిగింది ఇంకా లోతైనది. ఏటా ఆ నెలలో సభ పెట్టి, సంవత్సరపు నివేదిక చదివి, అచ్చువేసి పంచేవారు. ఆ ఏడు డిసెంబరుకు ఇళ్ళలో చాలా ఇబ్బంది. ఇప్పుడు సభ పెడితే ఇబ్బంది అందరికీ తెలుస్తుంది, తప్పకుండా డబ్బు వస్తుంది. అలా వస్తుందనే సభను వాయిదా వేశారు. నివేదిక బయటికి రానివ్వలేదు. ఎవరూ అడగకముందే మన కష్టం వాళ్ళ చెవిన పడేలా చూసుకోవడం మనందరికీ అలవాటే. నోటితో అడగం, ముఖం పెట్టి అడుగుతాం. ఆ దారి కూడా ఆయన మూసేశారు.

అదే ఏడు మే నెలలో ఆయన తన ఉదయపు పద్ధతిని మార్చుకున్నారు. అంతకుముందు లేవగానే ప్రార్థనకు దిగేవారు. మనసు అటూఇటూ తిరిగి చాలాసేపటికి గానీ కుదురుకునేది కాదు. తర్వాత ముందు వాక్యం చదవడం, దాన్ని మననం చెయ్యడం మొదలుపెట్టారు. చదివిన మాట దానంతటదే ప్రార్థన అయ్యేది. రోజు మొదట్లో తన ఆత్మ ప్రభువులో సంతోషపడటమే తన మొదటి పని అని ఆయన తేల్చుకున్నారు. పొద్దున్నే మోకాళ్ళూని నిద్రమత్తుతో పోరాడే నాబోటివాళ్ళకు ఇది చాలా పనికొచ్చే సంగతి. ఒక కీర్తన చదివితే చాలు, ఎవరి కోసం అడగాలో అందులోనే కనిపిస్తుంది. ఎంత కాలమని దావీదు మొరపెట్టిన కీర్తన చదివిన రోజున ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడు గుర్తొస్తాడు.

బ్రిస్టల్ మనకు అంత దూరం కాదు. ముల్లర్ భార్య మేరీ అన్నగారు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఉన్నది దేవుడికిచ్చి ఆయన మీదే ఆధారపడి బతకాలని గ్రోవ్స్ రాసిన చిన్న పుస్తకం ముల్లర్‌ను బాగా కదిలించింది. ఆ గ్రోవ్స్ వెంటే 1836లో బౌడెన్, బీర్ దంపతులు జీతమిచ్చే మిషన్ సొసైటీ ఏదీ లేకుండా మన తీరానికి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గోదావరి డెల్టా సంఘాలకు వాళ్ళే ఆద్యులు. అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ విశ్వాస జీవితం అన్న మాటను ఆ అర్థంలోనే వాడతారు. నెల జీతం లేకుండా, ఎవరినీ అడగకుండా సేవ చెయ్యడమని.

పేరు పెట్టి అడగడానికి నాకు తెలిసిన పెద్ద సాక్ష్యం మాత్రం ఒంగోలులో ఉంది. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టింది కూడా 1836లోనే. పదిహేడేళ్ళు పనిచేసినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో సమావేశమై, తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. ఆ తర్వాతి సంవత్సరం మొదటి రోజున, 1854 జనవరి 1న, తెల్లవారకముందే అయిదుగురు ఒంగోలు గుట్ట ఎక్కారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నెల్లూరు నుంచి వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. తెలుగుదేశాన్ని రక్షించమని అడిగి ఊరుకోలేదు. కింద కనిపిస్తున్న ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. ఊరు ఒకటి, అవసరం ఒకటి. మిషన్ మూతపడేలా ఉన్న రోజుల్లో అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. జవాబు రాకపోతే కప్పిపుచ్చుకోవడానికి ఏమీ లేదు.

పన్నెండేళ్ళు గడిచాయి. 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలు వచ్చారు. అదే ఏడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకుని, పల్లె పల్లె తిరిగి తనవాళ్ళకు సువార్త చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. గుట్ట మీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్ళకు. ఇక్కడితో ఆపి స్తోత్రం చెప్పుకోవచ్చు, సాధారణంగా కూటాల్లో అలాగే చెబుతారు. కానీ ఆ తర్వాత వచ్చింది 1876-78 కరువు. క్లౌ లోగడ భూముల సర్వేలో పనిచేసినవారు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి కల్పించారు. దేవుడు చూసుకుంటాడని చెప్పి పంపెయ్యలేదు. పార చేతికిచ్చి, సాయంత్రానికి కూలి ఇచ్చారు. వేలమంది బాప్తిస్మం అడుగుతుంటే ఆపేశారు. సహాయం అందుతున్నంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట ఆ బీదల మీద పడకూడదని. సహాయం ఆగాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ముల్లర్ సభ ఆపారు, క్లౌ బాప్తిస్మాలు ఆపారు. ఎవరి మీద ఆనుకున్నామో తేటగా ఉండటం కోసం, చేతికందిన ఫలాన్ని ఇద్దరూ పక్కన పెట్టారు. ప్రార్థనలో ఓర్పు అంటే అడుగుతూ ఉండటం ఒక్కటే కాదని ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకున్నాకే నాకు అర్థమైంది.

ఇక కుడి పేజీ ఖాళీగానే ఉండిపోయిన విన్నపాల గురించి చెప్పాలి. మా అక్కకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, మంచం మీద ఒక్కోసారి నాలుగు గంటలు. సంఘమంతా స్వస్థత కోసం ఉపవాసముండి ప్రార్థించింది. నేనూ రాసుకున్నాను, పేరు పెట్టి, తేదీ వేసి. అక్క మాత్రం మోకాళ్ళ మీద వేరేవి అడిగేది. చేతిలో ఫిస్టులా పెట్టిన చోట సూది మొదటిసారికే దిగాలని. మధ్యలో బీపీ పడిపోకూడదని. రోజుకు తాగాల్సిన నీళ్ళ కొలత దాటకుండా మే నెల ఎండలో దాహం తట్టుకోవాలని. సూది గుచ్చే టెక్నీషియన్ కూతురు ఇంటర్ పాసవ్వాలని. ఒకసారి నేనుండలేక అడిగాను, "నీ ఆరోగ్యం కోసం అడగవేంటక్కా?" అని. "ఆ పెద్దది మీరడుగుతున్నారు కదే. నాకు ఇవాళ్టికి కావలసింది నేను అడుక్కుంటున్నా," అంది. అరణ్యంలో మన్నా ఏ రోజుకారోజు ఏరుకున్నవాళ్ళ కథ అక్కకు బాగా ఇష్టం. మర్నాటికని దాచుకున్నది పురుగు పట్టిందని కదా అక్కడ ఉంది. ఆమెకు స్వస్థత రాలేదు. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె అడిగిన చిన్నవాటిలో చాలావాటికి మాత్రం నా దగ్గర తేదీలున్నాయి.

ఇంత విశ్వాసమున్న మనిషి ఒక్క మాత్ర మానలేదు, ఒక్క డయాలసిస్ తప్పించలేదు. మందులు మానేసి ప్రార్థన మీద ఆధారపడమని ఆమెకు చెప్పినవాళ్ళున్నారు. అలాంటి సలహా ఎవరిచ్చినా వినకండి, ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. బైబిల్లో నెహెమ్యాను చూడండి. యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు దాడికి కూడుకున్నారు. ఆయన దేవునికి ప్రార్థన చేశాడు, రాత్రింబవళ్ళు కావలి కూడా పెట్టాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. అంతకు ముందు, నీకేం కావాలని తాను కొలువున్న రాజు అడిగినప్పుడు, ఆ ప్రశ్నకూ తన జవాబుకూ నడుమ ఉన్న ఆ రెప్పపాటులో ఆయన దేవుణ్ణి ప్రార్థించాడు. అప్పటికి నాలుగు నెలలుగా ఒంటరిగా కన్నీళ్ళతో అడుగుతున్నాడు గనుకనే అంత చిన్న సందులో ప్రార్థన పలికింది. రోజూ ఒక వేళకు అడిగే అలవాటున్నవాళ్ళకే బస్సులోనో, బ్యాంకు కౌంటరు దగ్గరో, డాక్టరు గది బయటో దేవుడు తొందరగా గుర్తొస్తాడు.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు. ప్రభువే గెత్సెమనేలో మూడుసార్లు ఆ గిన్నె తొలగించమని అడిగాడు, తొలగలేదు. ఇవి సువార్తలోంచీ పత్రికల్లోంచీ ఎవరూ దాచిపెట్టలేదు. మన సంఘాల్లో సాక్ష్యాల వేళ మాత్రం జవాబు వచ్చినవాళ్ళే లేస్తారు. ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, రిపోర్టు నార్మల్ వచ్చింది. వాళ్ళ సంతోషం నాకూ సంతోషమే. కానీ ఆ మాటలు వింటూ వెనక చాపల మీద కూర్చున్నవాళ్ళు, తమ విశ్వాసంలోనే ఏదో లోపముందని తల దించుకుని ఇంటికి వెళ్తున్నారు. జవాబు రానివాళ్ళకు కూడా లేచి మాట్లాడే వేళ ఇవ్వాలని నేను మా పాస్టరుగారిని చాలాసార్లు అడిగాను. ఈ మధ్య ఒక శుక్రవారం కూటంలో ఇచ్చారు. ఒకావిడ లేచి, మా అబ్బాయి ఇంకా తాగుడు మానలేదయ్యా, వాడి పెళ్ళైన దగ్గర్నుంచి అడుగుతున్నా, ఇంకా అడుగుతూనే ఉన్నా, అని వాడి పేరు చెప్పి కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు, ఏమనాలో తోచక. పాస్టరుగారు పాట ఎత్తుకోబోయి ఆగి, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. వెనక నుంచి మరో ముగ్గురు లేచి, తమ పిల్లల పేర్లు చెప్పారు.