తెలుపు ఎంత తెల్లగా ఉండాలి?

జమ్మలమడుగు దాటి వెళ్లి, గండికోటలో తెల్లవారుజామున వీడియో తీసినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. ఆకాశం అప్పటికే మండుతుంటుంది, అడుగున పెన్నా ఇంకా చీకట్లోనే ఉంటుంది. కెమెరా వెలుగును మబ్బులకు సరిచేస్తే ఎర్రరాతి గోడలు నల్లబడతాయి, రాళ్లకు సరిచేస్తే మబ్బులు పాలిపోతాయి. ఇప్పటి మంచి ఫోన్లు రెండింటినీ హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) పద్ధతిలో పట్టేస్తున్నాయి. లినక్స్ వాడే మేం మాత్రం, మంచి మానిటర్ ఎదురుగా ఉన్నా, దాన్ని ఉన్నదున్నట్టు చాలా ఏళ్లు చూడలేకపోయాం.

తప్పు మానిటర్‌ది కాదు. హెచ్‌డీఆర్ సమాచారాన్ని తెరకు పంపే దారి కెర్నల్‌లో 2019లోనే, 5.3తో వచ్చింది. విండోలను తెర మీద చూపే పాత వ్యవస్థ ఎక్స్11కు అది చేతకాలేదు. దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో రంగుల ప్రోటోకాల్ చర్చ ఏళ్ల తరబడి సాగి 2025 ఫిబ్రవరికి గానీ తేలలేదు.

అంత కాలం దేనికని విసుక్కునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ కాలం వృథా అనిపించదు. మామూలు చిత్రంలో 255 అంటే ఈ తెర చూపగలిగినంత తెలుపు, అంతే. హెచ్‌డీఆర్10లో అంకె నేరుగా కాంతి కొలత, 10,000 నిట్ల దాకా. ఒకే తెర మీద ఒక విండోలో గండికోట సూర్యుడు, పక్క విండోలో ఉత్తరం రాసుకునే తెల్లకాగితం. ఆ కాగితానికి ఎన్ని నిట్లు ఇవ్వాలి? సూర్యుడితో సమానంగా ఇస్తే చదవలేం. దాన్ని తగ్గించి పైన చోటు మిగిల్చినప్పుడే హెచ్‌డీఆర్‌కు ప్రాణం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తీసిన నగల వీడియోలో ఇది బాగా తెలుస్తుంది. హారం మీద దీపపు వెలుగు పడినచోట మామూలు తెర తెల్లమచ్చ చూపిస్తుంది. పైన చోటుంటే మెరుపులోనూ పసుపు నిలుస్తుంది.

లినక్స్ డెస్క్‌టాప్‌లలో కేడీఈ ప్లాస్మా 6 ఆ ప్రోటోకాల్ తేలకముందే, 2024 ఫిబ్రవరిలో, గ్నోమ్ 48 ఆ తర్వాత, 2025 మార్చిలో హెచ్‌డీఆర్ సౌకర్యం తెచ్చాయి. ముందు మానిటర్ మెనూలో హెచ్‌డీఆర్ పెట్టండి, తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో. మామూలు విండోల వెలుగును కంటికి హాయిగా ఉండేంతకు దించండి. వీడియోకు ఎంపీవీ ప్లేయర్ చాలు. పులివెందుల ఎండాకాలపు మధ్యాహ్నం తలుపులు తెరిచి చూస్తే మాత్రం ఏ తేడా కనబడదు, గది చీకటి చేసుకోండి. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్ర ఒక్కటే చూసి కొనొద్దు. గండికోట లోయలో చీకటి చీకటిగా ఉండాలంటే ఓలెడ్ గానీ, వెనక దీపాలు విడివిడిగా తగ్గే మినీ ఎల్‌ఈడీ గానీ కావాలి.

నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీఆర్ సినిమాలు మాత్రం లినక్స్ బ్రౌజర్‌లో ఇంకా ఆ వెలుగుతో రావు. అది కాపీరైట్ తాళం, డెవలపర్ల చేతిలో లేదు. అందరితో సమానంగా చందా కడుతున్నాం. ఆ తాళం తీయమని అడిగే హక్కు మాకుంది, అడుగుతున్నాం.