బలమంతా పై కాగితానిదే

మోడల్ విరగ్గానే బోర్డును తిట్టుకోవడం మామూలే. 2008లో విజయవాడలో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యార్థికైనా, సైన్స్ ఫెయిర్ కోసం ఏలూరు రోడ్డులో షీట్లు కొనుక్కెళ్లే ఎనిమిదో తరగతి పిల్లవాడికైనా. చాలాసార్లు పాపం బోర్డుది కాదు, బ్లేడుది.

ఫోమ్‌బోర్డు అంటే రెండు కాగితాల మధ్య పాలీస్టైరిన్ నురగ. బలమంతా కాగితాలదే, వాటిని ఎడంగా పట్టి ఉంచడమే నురగ పని. బోర్డును వంచితే బయటివైపు కాగితం లాగుడు పడుతుంది, లోపలివైపుది నొక్కుడు పడుతుంది. కాగితం లాగుడుకు ఓర్చుకుంటుంది గానీ నొక్కుడుకు ఓర్వదు. అందుకే ముందు లోపలివైపు సన్నటి ముడత లేస్తుంది. అది పడ్డాక ఇస్త్రీ చేసినా లాభం లేదు, తర్వాత విరిగేది అక్కడే.

మందం 5 మిల్లీమీటర్ల నుంచి 10కి పెరిగితే బిగువు రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగింతలవుతుంది. కాగితం లేని థర్మకోల్‌కైతే ఎనిమిదింతలు.

థర్మకోల్ నాణ్యత తెలియాలంటే విరిగిన అంచు చూడాలి. పూసలు చెక్కుచెదరకుండా ఊడి గుండ్రటి గుంటలు కనిపిస్తే, తయారీలో ఆవిరి పట్టించినప్పుడు అవి సరిగా అతుక్కోలేదన్నమాట. పూసలే నడిమికి చీలితే షీటు గట్టిది.

మొద్దు బ్లేడు నురగను కోయదు, పీకుతుంది. ఆ గరుకు అంచులోంచే పగులు మొదలవుతుంది. కిటికీ కోసేటప్పుడు మూల దాటి రవ్వంత ముందుకెళ్లిన గాటు మరీ ప్రమాదం. ఇక కృష్ణా తీరపు వానాకాలం చెమ్మకు కాగితం మెత్తబడుతుంది. షీట్లను గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేస్తే వంకరపోతాయి.

తేలిక సరుకు నాడి కొండపల్లి బొమ్మలవాళ్లకు బాగా తెలుసు. తెల్ల పొణికి చెక్కను ముందు వేడి పట్టించి చెమ్మ పోగొడతారు. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పోగుకు అడ్డంగా సన్నగా చెక్కిన చెయ్యి ఏ చెక్కలోనైనా పుటుక్కుమంటుంది మరి.

మోడల్‌లో బయటికి పొడుచుకొచ్చే బాల్కనీనీ అలాగే విడిగా కోసి, గోడకు గాడి చేసి అందులో దించాలి. గోడ మీద ఊరికే అంటిస్తే ఫెవికాల్ గట్టిగానే పట్టుకుంటుంది. దాని కింది కాగితమే నురగను వదిలేసి ఊడొస్తుంది.