అన్నిటికీ ఒకే కటకమా?

ప్రయాణమునకు బయలుదేరువాడు సామాను తగ్గించుకొనగోరుట సహజము. కెమేరా కటకములు చేయువారు ఈ సంగతి బాగుగా నెరుగుదురు. 1992లో టామ్రాన్ సంస్థ 28 నుండి 200 మి.మీ. వరకు నాభ్యంతరము మార్చుకొనదగిన జూమ్ కటకమును తెచ్చినది. 2017లో 18-400 కటకమును తెచ్చినది. సంచిలో ఇక రెండవ కటకము అక్కరలేదనునది ఈ జాతి కటకములను గూర్చి తరచు వినవచ్చు మాట. అది ఎంతవరకు నిజము?

ఒకమారు విద్యార్థులతో పాలంపేట రామప్ప దేవాలయమునకు పోయినపుడు 18-200 కటకమొకటి వెంట నుండినది. వెలుపల ఎండలో దానికి వంక పెట్టలేము. చూరు క్రింద ఎత్తున నిలిచిన మదనికల ముఖములు 200 వద్ద చేరువకు వచ్చినవి. మరునిమిషమున 18 వద్ద గుడి మొత్తము చిత్రములో ఇమిడినది. కటకము మార్చు పని లేదు గనుక కెమేరాలో దుమ్ము పడునను భయమును లేదు.

రంగమండపములో అడుగుపెట్టగనే కథ మారినది. నల్లరాతి స్తంభముపై నర్తకుల బొమ్మలు అలికినట్లు వచ్చినవి. ఫొటో తీసిన విద్యార్థిని, పాపము, తన చేతిదే తప్పనుకొన్నది. లెక్క చూడుడు. 200 వద్ద ఈ కటకపు ద్వారము ఎఫ్/6.3 కంటె విచ్చుకొనదు. అనగా దాని వ్యాసము నాభ్యంతరములో 6.3వ వంతు. అందుచేత సెకనులో 15వ వంతు కాలము తెరచి ఉంచవలసివచ్చినది. అంతసేపు 200 వద్ద ఎవరి చేయి కదలదు? ఎఫ్/1.8 గల 35 మి.మీ. కటకముతో స్తంభము దగ్గరకు నడిచి తీసినచో, 6.3ను 1.8తో భాగించి వర్గము చేయగా వచ్చినంత, అనగా సుమారు 12 రెట్లు, ప్రతిబింబము కాంతివంతమగును. అప్పుడు 180వ వంతు సెకను చాలును. కంపనమును సవరించు ఏర్పాటు కొన్ని జూమ్ కటకములలో కలదు. అది చేతి వణుకును తగ్గించును గాని, మండపములో నడచిపోవు మనిషిని నిలబెట్టలేదు.

రెండవ లోపము నిర్మాణములోనే ఉన్నది. ఒకే నాభ్యంతరమునకు కట్టిన కటకములో ఒక గాజు చేయు దోషమును వేరొక గాజు చాలవరకు చెరుపునట్లు అమర్చవచ్చును. జూమ్‌లో గాజుల నడిమి దూరములు మారుచుండును. 18 వద్ద కుదిరిన అమరిక 200 వద్ద కుదరదు. తయారుచేయువాడు ఎక్కడికక్కడ రాజీపడును. 18 వద్ద మండపపు రాతిదూలము విల్లువలె వంగినది ఇందువలననే. నేటి కెమేరాలు ఈ వంపును గణనముచే సరిచేయును. కాని అంచులను సాగదీయుటవలన అచ్చటి సూక్ష్మ వివరములు కొంత పోవును.

అయినను ఈ కటకమును నేను ఇంటివద్ద వదలను. దాని ప్రక్కన 200 గ్రాముల చిన్న 35 మి.మీ. కటకమొకటి పెట్టుకొందును. ఆ విద్యార్థిని తీసిన ఫొటోను మా ప్రయోగశాల గోడకు అంటించితిమి. క్రింద 1/15, ఎఫ్/6.3 అని ఆమెయే వ్రాసినది.