ఆపరాన్ సిద్ధాంతము: బలము, పరిమితి

1961లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు జాకబ్, మోనోలు ప్రకటించిన ఆపరాన్ సిద్ధాంతము జీవశాస్త్రమునకు క్రొత్త దారి చూపినది. కణములోని జన్యువులన్నియు ఎల్లవేళల ఏల పనిచేయవు? ఈ ప్రశ్నకు వారు ప్రయోగములతో పరీక్షింపదగిన సమాధానము నిచ్చిరి.

ఎషరీషియా కోలై అను బాక్టీరియాకు పాలచక్కెర దొరకనపుడు, దానిని విడగొట్టు ఎంజైములు నామమాత్రముగనే తయారగును. నిరోధకమను పదార్థము ఆ జన్యువుల మొదట నున్న డి.ఎన్.ఏ. భాగమును పట్టుకొనియుండుటయే కారణమని వారనిరి. పాలచక్కెర లోనికి రాగా, దానినుండి పుట్టిన పదార్థము నిరోధకముతో కలిసి దాని పట్టు సడలించును. నిరోధకము ఆర్.ఎన్.ఏ. కావచ్చునని వారు చేసిన ఊహ మాత్రము నిలువలేదు. 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ దానిని వేరుచేసి, అది మాంసకృత్తు అని నిరూపించిరి. ఒక్కొక్క కణములో అట్టి అణువులు సుమారు పది మాత్రమే!

లోపము సిద్ధాంతమునందుకంటె దానిని బోధించు తీరునందు ఎక్కువగ కలదు. “నిరోధకము తాళము, చక్కెర తాళపుచెవి” అని చెప్పి ముగించినచో, జన్యువులన్నిటికి ఇదే ఏర్పాటని విద్యార్థి తలచును. పాలచక్కెర విషయముననే ఇది చాలదు. గ్లూకోజు తరిగినప్పుడు సి.ఎ.పి. అను మరియొక మాంసకృత్తు డి.ఎన్.ఏ.ను పట్టుకొని, జన్యువుల పనిని ప్రోత్సహించును. అనగా పట్టుకొనుట యెల్ల అడ్డుకొనుట కాదు.

ఇంతకంటె చక్కని ఉదాహరణ దుండిగల్, మేడ్చల్ పాఠశాలలకు దూరము కాని హైదరాబాదులోనే కలదు. ఊరగాయలోని ఉప్పు సూక్ష్మజీవుల నుండి నీటిని లాగివేయును గదా! ఉప్పు పెరిగినపుడు బాక్టీరియా ఎట్లు తట్టుకొనును? సి.సి.ఎం.బి.లో జె. గౌరీశంకర్ పాలచక్కెర జన్యువులనే గురుతుగా అతికించి, ఉప్పునకు మేల్కొను జన్యువులను వెదకిరి. 1985లో ప్రకటించిన ఆ పరిశోధనలో ప్రో-యు ముఖ్యమైనది. కణమునకు రక్షణనిచ్చు ప్రోలీను, గ్లైసిన్ బీటేనులను లోనికి చేర్చుట దాని పని.

ఉప్పు తక్కువగ నున్నపుడు హెచ్-ఎన్‌ఎస్ అను మాంసకృత్తు ప్రో-యును అణచియుంచును. ఇది పదిగాక వేలకొలదిగ నుండి, డి.ఎన్.ఏ.పై బారుగా పరచుకొనును. పైగా ఇచట దాని ముఖ్యస్థానము మొదటి జన్యువు లోపలనే కలదు! ఇది లేని కణములలో అణచివేత చాలవరకు తొలగును. అయినను ఉప్పునకు స్పందించు గుణము పూర్తిగ పోదు. ఒక్క తాళముతో ఈ విషయమును వివరించుట సాధ్యము కాదు.

కావున ఆపరాన్ సిద్ధాంతమును మొదటి పాఠముగ తప్పక చెప్పవలెను. కాని ప్రో-యు వంటి ఉదాహరణను దాని ప్రక్కనుంచి, “ఇచట తాళమేది?” అని విద్యార్థులనే అడుగవలెను. సిద్ధాంతము ఎంతవరకు వర్తించునో తెలిసికొన్నవాడే దానిని నిజముగ నేర్చినవాడు.