ఆస్తిపన్ను – శాసనాధికారం: రెజిమెంటల్ బజార్ నేపథ్యంలో నగరపాలక చట్టాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆస్తిపన్ను సకాలంలో సవరణకు నోచుకోకపోవడానికి స్థానిక ప్రజాప్రతినిధుల వెనుకంజయే ప్రధాన కారణమన్న భావన పట్టణ పాలనపై జరిగే చర్చల్లో బలంగా ఉంది. సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజార్‌ను నేపథ్యంగా తీసుకొని హైదరాబాదు నగరపాలక చట్టాన్ని, దానితో ముడిపడిన ఇతర శాసనాలను పరిశీలిస్తే ఈ భావన నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పన్ను రేటుకు హద్దులు, మదింపు, రాయితీలు, సేవల పరిధి – ఇవేవీ పాలకమండలి చేతిలో లేనప్పుడు తప్పునంతా దానిపైనే మోపడం విశ్లేషణలోని లోపమే అవుతుంది.

కీలకపదాలు: ఆస్తిపన్ను, వార్షిక అద్దె విలువ, 74వ రాజ్యాంగ సవరణ, జి.హెచ్.ఎం.సి., కంటోన్మెంట్, రెజిమెంటల్ బజార్

1. ఉపోద్ఘాతం

రెజిమెంటల్ బజార్ సికింద్రాబాదు రైల్వే స్టేషన్‌కు, మోండా మార్కెట్‌కు చేరువలో ఉంది. దాని పాలనాచరిత్రకు పేరే మొదటి ఆధారం. ఆంగ్లేయుల కాలపు దండు ప్రదేశాల్లో సైన్యమంతటికీ ఉపయోగపడే సదర్ బజార్‌తో పాటు ఆయా పటాలాలకు అనుబంధంగా రెజిమెంటల్ బజార్లు ఉండేవి. అక్కడి దుకాణదారులు, పనివారు సైనికాధికారుల అదుపాజ్ఞలకు లోబడి ఉండేవారు. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం పర్యవసానంగా హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలసిన దండుకు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. జనవ్యవహారంలో మాత్రం ఆ ఊరు లష్కరే. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి జరిగే జాతరను నేటికీ లష్కర్ బోనాలనే అంటారు.

1945-46లో సికింద్రాబాదు పౌర ప్రాంతాలు నిజాం ప్రభుత్వానికి తిరిగి దఖలుపడి, పురపాలక సంఘం ఏర్పడింది. 1950 నాటి చట్టంతో అది నగరపాలక సంస్థ అయింది. పదేళ్లకే, 1960లో, హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల ఉన్న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీల విలీనంతో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ అవతరించింది. 2025 డిసెంబరులో ఆర్డినెన్స్ ద్వారా మరో 27 పట్టణ స్థానిక సంస్థలను అందులో చేర్చారు. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ అక్కడి ఓటరును అడిగి జరిగినది కాదు. అలా అడగాలన్న నియమమూ చట్టంలో లేదు. ఈ ప్రాంత నివాసి పన్ను కట్టే సంస్థ పేరు మారినప్పుడల్లా ఆ మార్పు శాసన రూపంలో పైనుంచే వచ్చింది.

2. అధికారం ఎవరిది?

భూములు, భవనాలపై పన్ను విధించే అధికారాన్ని రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 49వ అంశంగా రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. స్థానిక ప్రభుత్వం అదే జాబితాలో 5వ అంశం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించిందని పాఠ్యగ్రంథాలన్నీ చెబుతాయి. అది నిజమే. కానీ పన్నుల విషయంలో 243-ఎక్స్ అధికరణం వాడిన క్రియాపదాన్ని గమనించాలి. రాష్ట్ర శాసనసభ పురపాలక సంస్థకు పన్ను వేసే అధికారాన్ని చట్టం ద్వారా ‘ఇవ్వవచ్చు’ అని మాత్రమే అక్కడ ఉంది. అయిదేళ్ల పదవీకాలం గురించి 243-యు అధికరణం మాట్లాడే తీరు ఇంతకంటె ఎంతో దృఢమైనది. ఎన్నిక జరపడం విధి; పన్ను వేసే హక్కు ఇవ్వడం ఐచ్ఛికం. పురపాలక సంస్థను రాజ్యాంగబద్ధం చేసిన సవరణ దాని ఖజానాను మాత్రం శాసనసభ ఇష్టానికి వదిలింది.

ఆ విధి కూడా హైదరాబాదులో సక్రమంగా నెరవేరలేదు. 2007లో గ్రేటర్ సంస్థ ఏర్పడ్డాక తొలి ఎన్నిక 2009 నవంబరులో గానీ జరగలేదు. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిస్తే, మలి ఎన్నిక 2016 ఫిబ్రవరిలో జరిగింది. ఈ రెండు విరామాల్లోనూ నగరం ప్రత్యేకాధికారి ఏలుబడిలో ఉంది. పన్ను బిల్లులు ఆగలేదు. పన్నుపై చర్చించవలసిన సభ మాత్రం లేదు.

3. ఊహాజనిత అద్దె

హైదరాబాదు నగరపాలక చట్టం, 1955 ప్రకారం నివాస గృహంపై పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. 212వ సెక్షన్ దాని నిర్ధారణ విధానాన్ని చెబుతుంది. నిర్మిత వైశాల్యం, నిర్మాణ రీతి, భవనం వయసు, ప్రాంతం, వినియోగం ఆధారంగా కమిషనర్ విలువ కడతారు. కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. రేట్ల విషయంలో పాలకమండలికి కొంత పాత్ర కనిపించినా, విలువ కట్టే అధికారి దానికి జవాబుదారీ అయిన ఉద్యోగి కాదు. హద్దులు చట్టంలోనివి, మదింపు ప్రభుత్వ అధికారిది. మధ్యలో కార్పొరేటర్‌కు మిగిలింది వినతిపత్రాలు అందుకోవడం.

ఈ విధానం ఇలా రూపుదిద్దుకోవడం వెనుక ఒక ముఖ్యమైన వివాదం ఉంది. గుంటూరు పురపాలక సంఘానికి, ఆ పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘానికి మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇంటికి ఆ చట్టం అనుమతించే న్యాయమైన అద్దెను మించి విలువ కట్టరాదని తేల్చింది. ఆ అద్దెను అప్పటికి అధికారికంగా నిర్ణయించకపోయినా ఈ సూత్రం వర్తిస్తుందని చెప్పడం తీర్పులోని కీలకం. కిరాయిదారును కాపాడటానికి 1960లో చేసిన చట్టం ఆ విధంగా పురపాలక ఆదాయానికి పైకప్పు అయింది. పాత బజార్లలో, దశాబ్దాల నాటి కిరాయిలు సాగే వీధుల్లో, ఈ పైకప్పు ఎంత కిందికి దిగుతుందో ఊహించవచ్చు. తర్వాతి సవరణలు అసలు అద్దెను పక్కనపెట్టి, వైశాల్యానికి ప్రాంతాల వారీ యూనిట్ రేటు కట్టే పద్ధతిని తెచ్చాయి. గుంటూరు పన్ను చెల్లింపుదారులు కోర్టులో గెలిచినదాన్ని శాసనసభ సవరణతో తిరిగి తీసుకున్నదని చెప్పడం తప్పుకాదు. అయితే ఆ తీసుకున్నది పురపాలక సంఘానికి చేరలేదు.

హైదరాబాదులో నివాస గృహాలకు నెలసరి అద్దె విలువ 50 రూపాయల వరకు మినహాయింపు. 100 వరకు 17 శాతం, 200 వరకు 19 శాతం, 300 వరకు 22 శాతం, ఆపైన 30 శాతం పన్ను. దీనిపై 8 శాతం గ్రంథాలయ సెస్సు. ఒక కల్పిత ఉదాహరణతో ఈ లెక్కను పరిశీలించవచ్చు. 600 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు నెలకు ఒక రూపాయి చొప్పున విలువ కడితే నెలకు 600, ఏడాదికి 7,200. మరమ్మతుల నిమిత్తం 10 శాతం తీసివేస్తే 6,480. దానిపై 30 శాతం 1,944. సెస్సుతో కలిపి సుమారు 2,100 రూపాయలు. సికింద్రాబాదులో 600 రూపాయలకు నెల కిరాయికి గది కూడా దొరకదు. అయినా చట్టం దృష్టిలో ఆ ఇల్లు అత్యధిక శ్రేణిలోనే ఉంటుంది. చిన్న ఇంటికి తక్కువ రేటు, పెద్ద ఇంటికి ఎక్కువ రేటు అన్న శ్రేణుల ఉద్దేశ్యం ఎప్పుడో నశించింది. రెండు గదుల ఇల్లూ, విశాలమైన భవంతీ ఒకే 30 శాతం కిందికి వస్తాయి. నివాస గృహాల అద్దె విలువలు 2002 తర్వాత, వ్యాపార భవనాలవి 2007 తర్వాత దశాబ్దానికి పైగా సార్వత్రిక సవరణ లేకుండా నిలిచాయి. రేటు చూస్తే భారీ, ఆధారం చూస్తే అవాస్తవం. ఈ రెండింటి మధ్య వ్యత్యాసాన్ని సరిదిద్దాలంటే శ్రేణులనే మార్చాలి, అందుకు శాసనం కావాలి. ఏ కార్పొరేటర్ ధైర్యమూ ఇక్కడ సరిపోదు.

4. సేవ ఒకరిది, పన్ను ఒకరిది

ఆస్తిపన్ను బిల్లు ఒకే మొత్తంగా కనిపించినా అందులో సాధారణ పన్ను, పారిశుధ్యం, వీధిదీపాలు, మురుగుపారుదల పేరిట వేర్వేరు భాగాలుంటాయి. ఇది చట్టంలోని మంచి లక్షణం; ప్రతి రూపాయికీ ఒక సేవ పేరు ఉంది. కానీ 1989 నాటి చట్టంతో మంచినీరు, మురుగుపారుదల వ్యవస్థలు హైదరాబాదు మహానగర నీటి సరఫరా, మురుగునీటి మండలికి బదిలీ అయ్యాయి. వాననీటి నాలాలు నగరపాలక సంస్థ వద్దే ఉన్నాయి. వానాకాలంలో మురుగు వీధిలోకి పొంగితే అది ఏ నీరో తేల్చుకున్న తర్వాతే ఎవరికి ఫిర్యాదు చేయాలో నిర్ణయించుకోవలసిన స్థితి.

ఇదే ధోరణి ఇటీవల మరింత స్పష్టమైంది. 2024 జూలైలో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో హైడ్రా ఏర్పడింది. దాని అధికారాల చట్టబద్ధత ప్రశ్నకు రాగా, అదే ఏడాది ఆర్డినెన్స్ ద్వారా నగరపాలక చట్టంలో 374-బి సెక్షన్‌ను చేర్చి, సంస్థ అధికారాలను ఏ అధికారికైనా, ఏ సంస్థకైనా ప్రభుత్వం అప్పగించే వీలు కల్పించారు. చెరువుల ఆక్రమణలను తొలగించడం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. సంస్థకు చట్టం ఇచ్చిన అధికారాన్ని, ఆ సంస్థ ప్రమేయం లేకుండా, అదే చట్టంలో చేర్చిన సెక్షన్ ద్వారా మరొకరికి మళ్లించగలగడం ఇక్కడ గమనించవలసిన అంశం.

5. రాయితీ ఎవరి దానం?

2016 ఫిబ్రవరి 2 నాటి ఎన్నికలకు ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను కట్టే గృహాలకు దానిని 101 రూపాయలకు తగ్గించారు. 2020 డిసెంబరు 1 నాటి ఎన్నికలకు సుమారు రెండు వారాల ముందు, నవంబరు 14న, దీపావళి కానుకగా గ్రేటర్ పరిధిలో 15,000 రూపాయల వరకు, మిగతా పట్టణాల్లో 10,000 వరకు పన్ను ఉన్న గృహాలకు సగం రాయితీ ప్రకటించారు. కరోనా కష్టకాలంలో ఆ ఊరట అన్యాయమని ఎవరూ అనలేరు. పేదకు తక్కువ పన్ను ఉండాలన్న సూత్రంపైనా ఆక్షేపణ లేదు. అయితే రెండు సందర్భాల్లోనూ నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది, ప్రకటన ప్రభుత్వ పెద్దలది. తగ్గిన ఆదాయం నగరపాలక సంస్థది, ఓటు వేయవలసినది ఆ సంస్థ పాలకమండలికి. పన్ను తగ్గించిన పేరు ఒకరికి, పన్ను చాలక వీధి ఊడ్పు తగ్గిన నింద మరొకరికి. ‘రాజకీయ సంకల్పం లేకపోవడం’ అన్న మాటను ఈ స్థితికి అన్వయించేవారు సంకల్పం ఎవరి వద్ద ఉండాలో ముందుగా చెప్పవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం దీనికి విరుద్ధ దిశలో సాగి అదే చోటికి చేరింది. అక్కడ 2020లో చట్టసవరణతో అద్దె విలువ స్థానంలో మూలధన విలువను ఆధారం చేశారు. నివాసాలకు ఆ విలువపై 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం హద్దులు. ఏటా పెంపు 15 శాతానికి మించరాదన్న నియమం. కరోనా కాలంలో రాష్ట్రాలకు అదనపు అప్పు అనుమతించడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో, రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తిపన్ను కనీస రేట్లను ప్రకటించడం ఒకటి. 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ గ్రాంట్లకు ఇటువంటి నియమమే పెట్టింది. తెలంగాణలో ఎన్నికల కోసం తగ్గింపు, ఆంధ్రప్రదేశ్‌లో అప్పు కోసం పెంపు. రెండింటిలోనూ ఆదేశం పైనుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో ఆధారం కనీసం వాస్తవానికి దగ్గరైంది. ఆ మేరకు అది మెరుగని అంగీకరించాలి.

6. పన్నుకు అందని ఇరుగుపొరుగు

రెజిమెంటల్ బజార్ వీధి చివర రైల్వే భూములు మొదలవుతాయి. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్రప్రభుత్వ ఆస్తులను రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయించింది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వ్యాజ్యం 2009లో పరిష్కారమైనప్పుడు, అందే సేవలను బట్టి ఆస్తిపన్నులో 75, 50 లేదా 33⅓ శాతాన్ని సేవారుసుముగా చెల్లించే ఏర్పాటు కుదిరింది. అది పన్ను కాదు, సేవకు ప్రతిఫలం. 1874 నుంచి ఉన్న స్టేషన్‌కు వచ్చే జనసమ్మర్దంతో ఆ వీధులపై పడే భారాన్ని ఈ రుసుము ఏ మేరకు భర్తీ చేస్తుందన్నది క్షేత్రస్థాయి పరిశోధనకు అర్హమైన ప్రశ్న.

మరోవైపు కంటోన్మెంట్ ఉంది. కంటోన్మెంట్ల చట్టం, 2006 ప్రకారం బోర్డు ఆస్తిపన్ను విధించాలంటే కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ బోర్డుకు చివరి ఎన్నికలు 2015లో జరిగాయి. 2023లో హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్‌తో మొదలుపెట్టి, కంటోన్మెంట్ల పౌర ప్రాంతాలను రాష్ట్ర పురపాలక సంస్థలకు అప్పగించే ప్రక్రియను రక్షణ మంత్రిత్వ శాఖ చేపట్టింది. సికింద్రాబాదు పౌర ప్రాంతాల విలీనం కూడా ప్రతిపాదనల్లో ఉంది. 1945-46లో రెజిమెంటల్ బజార్ దాటిన దారినే ఆ వీధులూ దాటవలసి ఉంటుంది. పౌరసేవలకు సంబంధించిన ఆస్తులను ఉచితంగా బదిలీ చేయాలన్నది కేంద్ర మార్గదర్శకాల్లోని అంశం. పన్ను మదింపు ఏ తేదీ నుంచి ఏ చట్టం ప్రకారం మారుతుంది, యూనిట్ రేటును ఎవరు నిర్ణయిస్తారు, రాయితీని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ లోటును ఎవరు పూడుస్తారు అన్న మూడు అంశాలను విలీన ఉత్తర్వులోనే రాయించుకునే అవకాశం ఆ ప్రాంత నివాసులకు ఉంది. 1945-46లో రెజిమెంటల్ బజార్ వాసులకు అటువంటి బేరసారాలకు వేదికే లేదు.